వీడుకోలు: రాజా రామమోహనరాయల సముద్రయానము

ఇల్లు విడిచి దూరదేశమునకుఁ బోవువాఁడు మన తెలుఁగు దేశమున ఎన్నఁడును పోయెదనని చెప్పఁడు. పోయి వచ్చెదనని చెప్పును. రెండవమాట లేక మొదటిమాట పలుకుట యమంగళమని పెద్దల తలంపు. గడప దాఁటువానికిఁ బెరుగన్నము పెట్టి, శకునము చూచి, తల్లి యక్షతలు చల్లఁగా, మేనత్తలును మేనమామలును పెదతండ్రులును వరుసగా దీవించి పంపుట మన గృహములలోని యాచారము. దానియందెంతయో మాధుర్యము గలదు. కాని యొకప్పు డీ దీవెనకు నొక హద్దుండెను. ఆ హద్దు సముద్రము. కాశికిఁ బోవువానిని ఊరి పొలిమేరవఱకు సాగనంపిన బంధువులే, ఓడ యెక్కెదనన్నవానికి మొగము చాటువేయుచుండిరి. అట్టి కాలమున, బంధువులలోఁ బెక్కండ్రు తమ్ము వెలివైచియుండఁగా, వారియెడఁ దమ విధులను నెఱవేర్చి, ఓడ యెక్కి, మఱల రాని యొక మహాపురుషుని కథను మా సోదరులకు విన్నవింపఁ దలఁచితిమి. ఆయన బ్రాహ్మసమాజ స్థాపకులగు రాజా రామమోహనరాయలవారు. వారి జీవితమునంతయు వ్రాయుట మా యుద్దేశము గాదు. అయినవారిని విడిచి పోవలసివచ్చినపుడు మనుష్యుఁ డెట్లు విడువవలయునో వారి జీవితము నేర్పుచున్నది. ఆ యంశమునుమాత్రమే మే మిచట గ్రహించితిమి.

నెల్లూరి తీరమున నివసించు మనకు సముద్రము క్రొత్తది గాదు. కృష్ణపట్టణము ప్రాఁతరేవు. దుర్గరాజపట్టణమునొద్ద, ఆంగ్లేయులు ఆర్మగామని పిలిచినచోట, 1626వ సంవత్సరముననే వారి వర్తకశాల వెలసెను. చెన్నపట్టణపుఁ గోటకంటె నది ముందటిది. 1786వ సంవత్సరమున నెల్లూరి చెంత పొలము దున్నుచుండిన యొక రైతునకు శిథిలమైన చిన్న గుడి క్రింద నొక కుండలో రోమకచక్రవర్తుల బంగారు నాణెములు దొరకెను. ట్రాజను, హేడ్రియను మొదలగువారి కాలపు టా నాణెములు, ఈ నేల యెన్ని శతాబ్దములకు ముందే దూరదేశపు వర్తకము నెఱిఁగియుండెనో సాక్ష్యమిచ్చుచున్నవి. అట్లయ్యు మనలో శాస్త్రము చదివినవారు అలలకు వెన్నిచ్చియే కూర్చుండిరి. బోధాయనధర్మసూత్రము సముద్రయానమును పాతకములలోఁ జేర్చినది. ఉత్తరదేశమువారిలో నాపని వాడుకయందున్నదనియు నా గ్రంథమే యొప్పుకొన్నది. తరువాతివారు దానిని కలివర్జ్యములలోఁ జేర్చిరి. ఒకపనిని ఈ యుగమున వర్జింపవలెననుటయే పూర్వ మది జరుగుచుండెననుటకుఁ బ్రమాణమని యోచించినవారు కొందఱే. ఓడ యెక్కి వచ్చినవానికిఁ బంక్తి లేదు, పిల్లనిచ్చువారు లేరు, చచ్చినపుడు మోయువారు లేరు.

1830వ సంవత్సరమున జరిగిన రెండు ప్రయాణములను బ్రక్కప్రక్కనుంచి చూతము. ఆ యేఁట మే నెల 18వ తేదీన ఏనుఁగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి పెద్ద పరివారముతోఁ గాశీయాత్రకు వెడలిరి. అడవులును నదులును దాఁటి, పదునైదు నెలలు సంచరించి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మఱల స్వస్థలము చేరిరి. వారి యాత్రాగ్రంథము మన భాషకు నలంకారము. ఆ 1830వ సంవత్సరముననే, నవంబరు నెలలో, రామమోహనరాయలవారు కలకత్తాయందు ఆల్బియను అను నోడ యెక్కిరి. మొదటివారిని లోకము పుణ్యాత్ములని కొనియాడెను. రెండవవారిని భ్రష్టులని దూఱెను. దూరమును బట్టి గాదు, ఉద్దేశమును బట్టి గాదు, త్రోవలో నున్నది నేలయా నీరా యనుదానిని బట్టి పుణ్యపాపములు నిర్ణయింపఁబడెను.

రాయలవారు 1772వ సంవత్సరమున వంగదేశములోని హుగ్లీమండలమున రాధానగరమను గ్రామమున జన్మించిరి. తండ్రి రమాకాంతరాయలు వైష్ణవుఁడు. తల్లి తారిణీదేవి శాక్తేయుల యింటి యాఁడుబిడ్డ. కుటుంబము సంపన్నమైనది. బాల్యముననే పారసీకమును, అరబ్బీని, సంస్కృతమును అభ్యసించిన రాయలవారికిఁ బదునాఱేండ్ల ప్రాయమున విగ్రహారాధనమునుగూర్చి తండ్రితో వాదము గలిగెను. వాదము ముదిరి వారు గృహము విడిచిరి. అదియే వారి మొదటి వీడుకోలు. దానికి అక్షతలు లేవు, దీవెన లేదు. కొన్నియేండ్లు దేశసంచారము చేసి, హిందూదేశపు టెల్లలను సైతము దాఁటిన పిమ్మట, ఇరువదేండ్ల ప్రాయమునఁ దండ్రియే పిలిపించి మఱల నింటఁ జేర్చుకొనెను. అభిప్రాయభేద మటులనే నిలిచెను, తలుపుమాత్రము తెఱవఁబడెను. ఈ చిన్న యంశమును మన యిండ్లలోని తండ్రులు గుర్తింపవలయును. కొడుకు తన మతమునకు లోఁబడినఁగాని యన్నము పెట్టనను తండ్రికంటె, లోఁబడకున్నను లోపలికిఁ బిలిచిన రమాకాంతరాయలే గొప్పవాఁడు. ఆయన 1803వ సంవత్సరమున మరణించెను.

పిమ్మట రాయలవారు కుంపిణీవారి కొలువులోఁ బ్రవేశించి, రంగపురమున డిగ్బీదొరయొద్దఁ బనిచేసి, ఆ యుద్యోగము చాలించి కలకత్తాలో స్థిరపడిరి. 1815వ సంవత్సరమున ఆత్మీయసభను స్థాపించి, ఉపనిషత్తులను వంగభాషలోని కనువదించి, ఏకేశ్వరోపాసనము మన పూర్వుల సొమ్మేయని లోకమునకుఁ జాటిరి. ఆ చాటింపు పరుల చెవులకంటె ముందు అయినవారి చెవులఁ బడెను. గృహాధిపత్యము వహించియుండిన తల్లి, కులదేవతలను గొలువని కొడుకును గుటుంబగృహమునుండి వెడలఁగొట్టెను. రాయలవారు సమీపముననే రఘునాథపురమున శ్మశానభూమి చెంత వేఱొక యిల్లు గట్టుకొనిరి. శవములు గాలుచోటికిఁ బొరుగున నైనను, తన సత్యమును దాఁచుకొనక బ్రదుకుటయే మేలని వా రెంచిరి.

కలహ మంతటితో నాఁగలేదు. 1817వ సంవత్సరమున అన్నకొడుకగు గోవిందప్రసాదు కలకత్తా సుప్రీముకోర్టులోఁ బినతండ్రిమీఁద దావా వేసెను. రాయలవారు స్వార్జితముగా ననుభవించు నాస్తి నిజమునకు నుమ్మడి కుటుంబపుటాస్తియనియు, దానిలోఁ దనకు భాగము రావలెననియు నాతని వాదము. దావావెనుకఁ దల్లి ప్రోత్సాహము గలదని రాయలవారు నమ్మిరి. న్యాయవాదవృత్తియందున్న మేము దాయాదుల వ్యాజ్యెముల నెన్నింటినో చూచితిమి. చేనిగట్టుమీఁదఁ బుట్టిన తగవు రెండుతరముల పగగా మాఱుట మాకు వింత గాదు. గెలిచినవాఁడు డిక్రీని, ఓడినవాఁడు ద్వేషమును బిడ్డలకు వారసత్వముగా నిచ్చుట లోకరీతి. ఈ దావా 1819వ సంవత్సరమున ఖర్చులతోఁ గొట్టివేయఁబడెను. తరువాత గోవిందప్రసాదు పశ్చాత్తప్తుఁడై, ఇతరుల ప్రేరణచేఁ దాను దావా వేసినట్లొప్పుకొని, మన్నింపుమని పినతండ్రికి వ్రాసికొనెను. రాయలవారు తమ గ్రంథపీఠికలో బంధువుల నిందలను ఒక్కమాటతోఁ బేర్కొని, తమ హృదయ మెఱిఁగిన పరమేశ్వరునికే తీర్పు వదలి యూరకుండిరి.

తల్లి కథ యింతకంటె మనస్సును గలఁచును. తారిణీదేవి వృద్ధాప్యమున జగన్నాథక్షేత్రమునకుఁ బ్రయాణమయ్యెను. సంపన్నురాలయ్యు వెంట నొక్క దాసినైనఁ దీసికొనిపోక, బీదయాత్రికురాలివలె నడచిపోయి, అచట దేవాలయమును ప్రతిదినము ఊడ్చుచు శేషకాలము గడపి, 1822వ సంవత్సరమున నా క్షేత్రముననే తనువు చాలించెను. బయలుదేఱుటకు ముందామె కుమారునితో మాటలాడి, అతఁడు నమ్మినది సత్యమేయనియు, ఐనను అబలయు వృద్ధురాలు నగు తాను తనకు ఊఱట గలిగించు నాచారములను ఇఁక విడువఁజాలననియుఁ జెప్పెనని రాయలవారి మిత్రులగు ఆడమ్ దొరవారు తెలిపియున్నారు. వాదము తల్లిని మార్పలేదు. వెలి కొడుకును మార్పలేదు. వీడుకోలుదినమున నిరువురును ఒకరి నిజమును మఱొకరు గౌరవించిరి. క్షేత్రమునకుఁ బోయిన తల్లి మఱల రాలేదు. ఎనిమిదేండ్లకు ఓడ యెక్కిన కొడుకును మఱల రాలేదు. ఆనాఁ డామె నోట నామాట రాకుండిన, ఆ కొడుకు గుండెలో నెంత బరువు మిగిలియుండెడిదో తల్లులగు సోదరీమణులే యూహింపఁగలరు.

రాయలవారి లోకసేవనుగూర్చి సంక్షేపముగాఁ జెప్పెదము. 1828 ఆగస్టు 20వ తేదీన బ్రాహ్మసభ వెలసెను. 1829 డిసెంబరు 4వ తేదీన బెంటింకుప్రభువు సహగమనమును నిషేధించుచు శాసనము చేసిరి. దానికై రాయలవారు పదేండ్లకుఁ బైఁబడి వ్రాసియు వాదించియుఁ బ్రజల మనస్సులను సిద్ధపఱచియుండిరి. పూర్వాచారపరులు 1830 జనవరిలో ధర్మసభ నేర్పఱచి, ఆ శాసనమును రద్దు చేయింప లండను నగరమునకు విజ్ఞాపనము పంపిరి. కలకత్తాలో గెలిచిన సత్యము సముద్రమున కావల నోడిపోవు నపాయము గలిగెను. కుంపిణీవారి పట్టా మార్పుచేయు తరుణమును సమీపించుచుండెను. ఢిల్లీచక్రవర్తియగు రెండవ అక్బరు తన భృతినిగూర్చి సీమలో మొఱపెట్టుటకు రాయలవారిని నియోగించి, రాజా యను బిరుదమొసఁగెను. ఈ మూఁడు కార్యములకై వా రోడ యెక్కుటకు నిశ్చయించిరి.

నిశ్చయించినవెంటనే పరుగిడలేదు. వెనుక విడుచుదానినెల్ల నొక క్రమమునఁ బెట్టిరి. సమాజమందిరమునకు 1830 జనవరి 8వ తేదీన ట్రస్టు దస్తావేజు వ్రాయించి, వైకుంఠనాథరాయలను, రమానాథఠాకూరును, తమ జ్యేష్ఠపుత్రుఁడగు రాధాప్రసాదును ధర్మకర్తలుగా నేర్పఱచిరి. కులమతభేదము లేక యెవరైనను వచ్చి పరమేశ్వరు నుపాసింపవచ్చుననియు, అచట విగ్రహ ముంచరాదనియు, ఏ మతమువారి పూజ్యవస్తువును దూషింపరాదనియు దానిలో విధించిరి. జనవరి 23వ తేదీన మందిరము తెఱవఁబడెను. ఉపాసనభారమును రామచంద్రవిద్యావాగీశులు వహించిరి. తమ వీలునామాలో, వంశమువారిలో నెవఁడేని యొక భార్య బ్రదికియుండఁగా మఱొకతెను బెండ్లాడినచో వానికి ఆస్తి దక్కరాదని షరతు పెట్టిరని ఆడమ్ దొరవారు చెప్పియున్నారు. తెలియని బాల్యమునఁ దండ్రి యిష్టముచొప్పునఁ దమకే మూఁడు వివాహములు జరిగియుండెను. ఆ దోషము తమతోనే తీఱిపోవలెనని వారి కోరిక.

వారిని గూర్చి యొక యాక్షేపణ గలదు. జాతిభేదమును గర్హించిన రాయలవారు, జందెమును విడువకయు, ఓడలోఁ దమ వంటవానిచేతి వంటయే భుజించుచుఁ బోవుట యేల యని కొందఱడుగుదురు. నాఁటి న్యాయము నెఱిఁగినవారికి దీనియందుఁ బిఱికితనము గనఁబడదు. కులభ్రష్టుఁడైనవాఁడు దాయభాగమును గోల్పోవునని ధర్మశాస్త్రము. నాఁటి న్యాయస్థానములు దానిని పాటించుచుండెను. ఒకమా ఱాస్తినిగూర్చి దావా వేసిన బంధువర్గము రెండవమాఱు వేయకుండునా? తండ్రి భ్రష్టుఁడని స్థాపించినచోఁ గుమారుల కూడు పోవును. మతమును మార్చుకొన్నను కులమునుండి వెలివడినను ఆస్తిహక్కు పోరాదని విధించిన 21వ చట్టము 1850వ సంవత్సరమునఁగాని రాలేదు. రాయలవారు తమ కీర్తికంటెఁ దమ బిడ్డల క్షేమమును ముందుంచిరి. సంస్కర్త తన ప్రాణమును ధారపోయవచ్చును. అడుగకుండ బిడ్డల జీవనమును ధారపోయుటకు వాని కధికారము లేదు.

ఇఁక వీడుకోలుదినములు. తల్లి లేదు. అన్న లేఁడు. బంధువులలో ననేకుల వాకిళ్లు మూయఁబడియున్నవి. అట్టివాఁ డెవరి యింటికిఁ బోవలయును? ద్వారకానాథఠాకూరుగారు వారికిఁ బ్రాణమిత్రులు. వారి యింటికి సెలవు గైకొనుటకై రాయలవారు వచ్చినపు డింటిల్లిపాదియుఁ గూడెను. పదుమూఁడేండ్ల బాలుఁడగు దేవేంద్రనాథుఁడుమాత్ర మచట లేఁడు. ఆ పిల్లవాని చేయి పట్టుకొని సెలవు పుచ్చుకొనక తాను దేశము విడువనని చెప్పి, వానిని పిలిపించి, కరస్పర్శ చేసి, రాయలవారు వెడలిపోయిరి. ఆ స్పర్శయొక్క యర్థము తనకు నాఁడు తెలియలేదనియు, వయస్సు వచ్చినపిమ్మటఁ దెలిసినదనియు దేవేంద్రనాథులవారు వార్ధక్యమున స్మరించుకొనిరి. రాయలవారి చిన్నకుమారుఁడు రమాప్రసాదు సైతము ఆ యీడువాఁడే. రక్తబంధువులు విడిచినచోట భగవంతుఁడు ఆత్మబంధువుల నిచ్చుననుటకు ఇంతకంటె నిదర్శన మేల?

పెంపుడుకుమారుఁడు రాజారాముఁడును, రామరత్నముఖర్జీయు, రామహరిదాసును వెంట రాఁగా ఓడ సాగెను. సముద్రపుటూఁపునకు సేవకులు జబ్బుపడి రాయలవారి యఱనే యాక్రమించిరి. యజమానుఁడు వారిని లేవఁగొట్టక, తాను దొరికినచోటఁ దల దాఁచుకొనెనని తోడి ప్రయాణికుఁడొకఁడు వ్రాసెను. ఉత్తమాశాంతరీపమునొద్దఁ గాలు జాఱి పడి కుంటివారైరి. 1831 ఏప్రిలు 8వ తేదీన లివర్‌పూలు రేవున దిగిరి.

సీమలో వారు చేసినపనిలో మన చెన్నరాజధానికిని భాగము గలదు. పార్లమెంటు సంఘమునకు వ్రాసియిచ్చిన సమాధానములలో, జమీందారీనేలయందు రైతు జమీందారుని లోభమునకును, రైతువారీనేలయందు సర్కారు కొలతగాండ్రయు నుద్యోగులయు దోపిడికిని లోనై, రెంటను దీనుఁడే యని వారు నిర్భయముగఁ దెలిపిరి. వేంకటగిరి జమీనును రైతువారీ గ్రామములను గలిగియుండిన మన నెల్లూరి మండలమున కీమాట రెండు విధములఁ జెల్లెను. తాను చూడని రైతులకొఱకు తన యింటికి నాలుగునెలల దూరమున నిలిచి పలికినవానిని, ఇంటిని విడిచినవాఁడని నిందింపఁదగునా? 1832 జూలై 11వ తేదీన ప్రీవీ కౌన్సిలువారు సహగమనపక్షపు విజ్ఞాపనమును ద్రోసివైచిరి. చక్రవర్తి భృతి యేఁటికి మూఁడులక్షల రూపాయలు హెచ్చెను. వచ్చిన కార్యము నెఱవేఱెను. తిరిగి పోవుటయే కొఱఁత.

ఆ కొఱఁత తీఱలేదు. ధనమునకుఁ జిక్కులు గలిగెను, దేహము సడలెను. 1833 సెప్టెంబరు 27వ తేదీన బ్రిస్టలు నగరమునొద్ద స్టేపిల్టన్‌గ్రోవ్ అను భవనమున, ఆంగ్లేయమిత్రుల నడుమ వారు పరమపదించిరి. జందెము దేహముననే యుండెను. వారి కోరికచొప్పున, క్రైస్తవుల శ్మశానమునఁ గాక, ఆ యింటితోఁటలోని చెట్ల నీడను ఎట్టి మతక్రియయు లేక భూస్థాపితులైరి. కుమారుల దాయభాగమునకు మరణమందు సైతము భంగము రానీయలేదు. ఆ వార్త మాసములు గడచినఁగాని కలకత్తా చేరలేదు. భార్య ఉమాదేవియుఁ గుమారులును చివరిచూపునకు నోచుకొనలేదు. పదేండ్లకు ద్వారకానాథులవారు సీమకుఁ బోయి, మిత్రుని శరీరమును ఆర్నోస్‌వేల్ శ్మశానవాటికకు మార్పించి, 1843వ సంవత్సరమున మన దేశపు తీరున మంటపము గట్టించిరి. ఆ సంవత్సరముననే, డిసెంబరు 21వ తేదీన, నాఁడు చేయి పట్టించుకొన్న దేవేంద్రనాథుఁడు బ్రాహ్మధర్మదీక్ష గైకొని, క్షీణించియుండిన సమాజమును మఱల నిలువఁబెట్టెను. రమాప్రసాదు 1862వ సంవత్సరమునఁ గలకత్తా హైకోర్టునకు న్యాయాధిపతిగా నియమింపఁబడిన మొదటి హిందూదేశీయుఁ డయ్యెను. పీఠ మెక్కకముందే మరణించెను.

మఱల మన తీరమునకు వత్తము. 1860వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి ట్రూరో యను నోడ మూఁడువందలకుఁ బైగాఁ గూలీల నెక్కించుకొని, నవంబరు 16వ తేదీన నాటాలునందలి దర్బను రేవు చేరెను. తరువాతి యోడలలోఁ దెలుఁగుబిడ్డ లెందఱో పోయిరి. వారిలో ననేకులకు అక్షతలు చల్లినవారు లేరు. 1903వ సంవత్సరమున నెల్లూరివారగు జాన్ రంగయ్యగారు తెలుఁగు బాప్టిస్టులచేఁ బంపఁబడి, కుటుంబముతో నాటాలునకుఁ బోయి, ఆ కూలీల నడుమ సేవచేసి, 1915వ సంవత్సరమున నచటనే కన్నుమూసిరి. వారి మతము మనది గాదు. వారి త్యాగము మనది. శాస్త్రములు చదివిన మన యిండ్లవారు సముద్రము దోషమా కాదా యని వాదించుచుండఁగా, బీదలు దానిని దాఁటి పోయిరి.

నేఁడు సముద్రయాన నిషేధము మాటయే వినఁబడదు. ఓడకు బదులు విమానము వచ్చెను. మన మండలపు బిడ్డలు చదువుకొఱకును కొలువుకొఱకును దూరదేశములకుఁ బోవుచున్నారు. అయినను వీడుకోలునందలి ధర్మము మాఱలేదు. పోవువాఁడు ఋణములు తీర్చి, ఆస్తిపత్రములు చక్కఁబెట్టి, తగవుపడిన పినతండ్రి వాకిటనైనను నిలిచి మాటలాడి పోవలయును. తిరిగివచ్చునాఁటికి ఆ పినతండ్రి యుండునో లేదో యెవ రెఱుఁగుదురు? ఉండువారు తమ యాచారమును షరతుగాఁ బెట్టక దీవింపవలయును. పరకులమువారిని పెండ్లాడెననియో, మఱొక విధమున నుపాసించెననియో, కొడుకు పేరు పలుకని తల్లులు మన యిండ్లలో నింకను గలరు. అట్టివారు తారిణీదేవిని స్మరింపవలయును. ఆమె తన పూజను విడువలేదు. పోవుముందు కొడుకునకు నొక్క సత్యవాక్యమును దక్కనిచ్చెను. అది యే యక్షతలకును దీసిపోదు.

రాయలవారు పోయి వచ్చెదనని వెడలి రాలేకపోయిరి. వారి పని వచ్చినది. వారు చేయి పట్టిన బాలుఁడు వచ్చినాఁడు. నేలకును నీటికిని, ఇంటికిని పరదేశమునకును ఒక్కఁడే ప్రభువగు పరమేశ్వరుఁడు, పోవువారికి ధైర్యమును, ఉండువారికి క్షమను, ఇరువురకును మఱల నొకరినొకరు చేరు ప్రేమమార్గమును ప్రసాదించుఁగాక.